లుగాండాకి వేరే దరఖాస్తు

కంపాలా నగరంలో విదేశీ బహుమతి ఒక్కటైనా రాని కవి కవిత చదివితే పెదవులు కదులుతాయి తప్ప శబ్దం బయటికి రాదు. ఇందులో వింతేమీ లేదు. అదే కవి "కాస్త జరగండి" అంటే బస్సు మొత్తానికీ వినపడుతుంది. కవితకే ఈ ఇబ్బంది. రచయితల సంఘం ప్రతి గురువారం సభ పెడుతుంది. పదిమంది కవులు నిశ్శబ్దంగా చదువుతారు, జనం మర్యాదగా చప్పట్లు కొట్టి టీ తాగి వెళ్తారు.

ఈ ఏర్పాటు మీద ఆ పదిమందిలో ఒకరైన నాముతేబికి ఫిర్యాదేమీ ఉండేది కాదు, వాళ్ళ జజ్జా అడక్కపోతే. జజ్జా అంటే అక్కడ అమ్మమ్మ. ఎనభై నాలుగేళ్ళావిడ, జీవితమంతా చాపలు అల్లింది, ఇప్పుడు చూపు పోయింది. మనవరాలు తన మీద వాళ్ళ భాష లుగాండాలో కవిత రాసిందని తెలిసి, పోయేలోగా ఒక్కసారి వింటానంది. నాముతేబి ఎదురుగా కూర్చుని ఆరుసార్లు చదివింది. "మొదలుపెట్టావా?" అని అడిగేది జజ్జా ప్రతిసారీ, ఓపిగ్గా.

చివరికి కవితను ఇంగ్లీషులోకి మార్చి లండన్ పోటీకి పంపింది. ప్రోత్సాహక బహుమతి వచ్చింది. ఆ పూటే వంటింట్లో ఇంగ్లీషు కవిత చదువుకుంటే గొంతు ఖంగుమంది. సంతోషం పట్టలేక ఏడ్చేసింది. వెంటనే జజ్జాను ఊరినుంచి రప్పించి సభలో ముందు వరసలో కూర్చోబెట్టింది.

వేదికెక్కి లుగాండాలో మొదలుపెట్టింది. శబ్దం రాలేదు. సంఘం కార్యదర్శి ముగెర్వా గారు రిజిస్టరు తిరగేసి, పక్కకొచ్చి నెమ్మదిగా చెప్పారు.

"బహుమతి ఇంగ్లీషు కవితకమ్మా. లుగాండాకి వేరే దరఖాస్తు."

"లుగాండా కవితలకి లండన్‌లో పోటీ ఉందా సార్?"

"లేదు. ఫారం మాత్రం ఉంది."

జజ్జా చెవి ఒగ్గి కూర్చుంది. ఆవిణ్ణి ఉత్త చెవులతో వెనక్కి పంపడానికి మనసొప్పక నాముతేబి ఇంగ్లీషులోనే చదివింది. ప్రతి మాటా చివరి వరసదాకా వినపడింది. జనం లేచి నిలబడ్డారు. ఒక్క ముక్కా అర్థంకాని జజ్జా అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది.

"ఎంత బాగా చదివావే! మరి నా కవిత ఎప్పుడు?"

చదివింది అదేనని చెప్పడానికి నాముతేబికి నోరు రాలేదు. "ఫారం పెడుతున్నాను, జజ్జా."

"అయితే వచ్చే గురువారం వస్తాలే."

ముగెర్వా గారు ఆవిడకి టీ ఇప్పించి, ఆ కుర్చీ వీపు మీద ఆవిడ పేరు రాయించారు. అలా తమ కవిత కోసం ఎదురుచూసినవాళ్ళ పేర్లు రాసిన కుర్చీలు ఆ వరసలో ఇంకో పదకొండున్నాయి. అన్నీ ఖాళీ.