రోడ్డు మీంచి మూడు ఫోటోలు

శనివారం పొద్దున టైమ్‌కీపరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడూ పదికి పక్క వీధి మూల ఇంటి ముందు నిలబడాలి, గోడను ఒక్క ఫోటో తీయాలి, ఏడున్నరకు బస్సు డిపోలో సంతకం పెట్టాలి.

ఏ బస్సు ఎప్పుడు బయల్దేరిందో, ఎప్పుడు తిరిగొచ్చిందో రాసిపెట్టడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు. ఇంకో ఏడాదిన్నర ఇలాగే గడిచిపోతే మచ్చలేని మనిషిగా ఇంటికి రావచ్చు. తన వీధిలో అందరూ ఆయన్ని టైమ్‌కీపరుగారనే పిలిచేవారు. అసలు పేరు కరెంటు బిల్లు తెచ్చేవాడికి మాత్రమే తెలుసు.

ఫోటో సంగతి ఇంటికి రంగు వేయించే దగ్గర మొదలైంది. ఆయన భార్య కుట్టు టీచరు. దారం రంగులో వెంట్రుకవాసి తేడా కనిపించినా విప్పించి మళ్లీ కుట్టించే మనిషి. పెయింటరు తెచ్చిన కార్డులో నూట నలభై రంగులుంటే నూట నలభైకీ వంక పెట్టింది.

"మూలింటి గోడ రంగు కావాలి నాకు," అంది చివరికి. "బూడిద రంగు కాదు, గంధం రంగు కాదు. రెండూ పోట్లాడుకుని రాజీపడ్డట్టుంటుంది చూడు, అదీ."

"అట్లాంటిది నా కార్డులో లేదమ్మా," అన్నాడు పెయింటరు. "ఫోటో చూపిస్తే కలిపిస్తా. సోమవారం పొద్దున్నకల్లా తేల్చండి. లేదంటే నేను వేరే ఇంటికి పోవాలి."

"వెళ్లి ఆ రంగు పేరేంటని వాళ్లనే అడిగితే పోలేదా?" అన్నాడు టైమ్‌కీపరు.

"అడిగితే మనం వాళ్లని చూసి వాతలు పెట్టుకుంటున్నామని వీధంతా చెప్పుకుంటారు. రోడ్డు మీద నిలబడి తీసుకురండి. రోడ్డేమన్నా వాళ్ల సొత్తా?"

అలా ఏడూ పదికి ఆయన రోడ్డు మీద నిలబడ్డాడు. మూలింట్లో గేటు పక్కన కుర్చీ వేసుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఫోను పైకెత్తగానే ఆవిడ జుట్టు సవరించుకుంది. ఆయన గోడను తీశాడు. అలవాటు చొప్పున చిన్న పుస్తకంలో 'మూలిల్లు, శని, 7-10' అని రాసుకున్నాడు.

ఆ ఫోటోలో గోడ పక్కా బూడిద రంగులో ఉందని భార్య తేల్చింది. "ఎండెక్కాక తీయండి," అని ఫోను చేసి చెప్పింది. ఆయన మధ్యాహ్నం భోజనం మానుకుని డిపో నుంచి వచ్చి మళ్లీ తీశాడు. దారిన పోయేవాళ్లు అడ్డు రాలేదు కాబట్టి పుస్తకంలో 'శని, 12-40, ఎవరూ లేరు, అనుకూలం' అని రాసుకున్నాడు. ఆ ఒక్క మాట రాయకపోయి ఉంటే ఆదివారం ప్రశాంతంగా గడిచేది.

మూలింటికి ఎదురింటావిడ అప్పటికే వరండాలోకి వచ్చి చూస్తోంది. "ఏమండీ, ఇల్లు చూస్తున్నారా?" అంది.

"అవునండీ," అన్నాడాయన. చూస్తున్నమాట నిజమే కదా.

"మీ ఆవిడకి నచ్చిందా?"

"తెగ నచ్చింది. సోమవారంలోగా తేల్చుకోవాలి."

ఆవిడ తలూపి లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని తర్వాత తెలిసింది. గంట తిరక్కుండానే ఇళ్ల బ్రోకరొకడు మూలింటి తలుపు తట్టాడు. వెనకే ఓ సంసారం, చేతిలో కొలతల టేపుతో సహా.

ఆ ఇంటి యజమాని ఓ లాయరు దగ్గర గుమాస్తా. పాతికేళ్లుగా ఫైళ్లు మోసి మోసి సెక్షన్ల నంబర్లు కంఠతా పట్టాడు కానీ, ఏ నంబరు దేనికన్నది మాత్రం లాయరుకే వదిలేశాడు. ఎవరు పంపారో కనుక్కుని బ్రోకరును తరిమేసి, ఇల్లు అమ్మకానికి పెట్టింది ఎవరని ఎదురింటావిడని నిలదీశాడు.

"నన్నంటారేంటండీ? ఎవరో పెద్దమనిషి పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి ఫోటోలు తీసి పుస్తకంలో రాసుకుపోయాడు," అందావిడ.

గుమాస్తా ఒక్కసారి తన మేడ వైపు చూశాడు. ఫోటోలు తీసి పుస్తకంలో రాసుకునేది ఇళ్లు కొనేవాళ్లు కాదు, పర్మిషన్ లేకుండా కట్టిన గదుల్ని పట్టుకునే ఆఫీసువాళ్లు. ఆయన మేడ మీద నెల రోజులుగా అలాంటి గదొకటి లేస్తోంది. నడుమెత్తు గోడ వచ్చింది, చోటు కోసం జరిపిన నీళ్ల ట్యాంకు దాన్ని ఆనుకుని నిలబడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ఆ మధ్యాహ్నమే మేస్త్రీని పిలిపించి, సాయంత్రానికల్లా ఆ గోడను ఇటుక మిగలకుండా తీయించేశాడు.

ఆదివారం పొద్దున కుట్టు టీచరు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఒకటి బూడిద, ఇంకొకటి మీగడ. "ఈ రెండిట్లో ఏదీ కాదు. ఇంకోటి తీయండి. ఈసారి మేడ మీది భాగం ఇంకా దగ్గరగా రావాలి, పైన నీడ పడ్డచోట అసలు రంగు తెలుస్తుంది."

మళ్లీ ఏడూ పది. పెద్దావిడ ఈసారి తల దువ్వుకుని, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, గడ్డం కింద చెయ్యి ఆనించి సిద్ధంగా ఉంది. టైమ్‌కీపరు ఫోటో తీసి పుస్తకం తెరిచాడో లేదో, గేటు వెనక పొంచి ఉన్న గుమాస్తా ఒక్క అంగలో రోడ్డు మీదికొచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"దొరికావు! ఏ ఆఫీసు నీది?"

"బస్సు డిపో అండీ."

"బస్సు డిపోకి మా ఇంటితో ఏం పని?"

"డిపోకి కాదండీ, మా ఆవిడకి. మీ గోడ రంగు నచ్చిందట. అదే వేయించాలని..."

గుమాస్తా ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఏ రంగు? మా ఇంటికి రంగు వేసి పదకొండేళ్లయింది. అది రంగు కాదయ్యా, దుమ్ము! అబద్ధమాడితే గోడ కట్టినట్టుండాలి. నువ్వు గోడనే అబద్ధం చేస్తున్నావే!"

నిజం ఇంత అబద్ధంలా వినిపించడం టైమ్‌కీపరు జీవితంలో అదే మొదటిసారి. ఈలోగా గుమాస్తా ఆయన చేతిలోని పుస్తకం లాక్కుని బిగ్గరగా చదివాడు. "శని ఏడూ పది. శని పన్నెండూ నలభై, ఎవరూ లేరు, అనుకూలం! వినండర్రా! ఎవరూ లేరట, అనుకూలమట!"

ఎదురింటావిడ గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో, నేను కొనుక్కుంటాడేమోననుకున్నా. దోచుకుంటాడన్నమాట!"

పోలీసులకు ఫోను వెళ్లింది. ఎస్సై వచ్చేలోపు టైమ్‌కీపరు మనసులో చాలా చూసేశాడు. మెమో చూశాడు, సస్పెన్షన్ కాగితం చూశాడు, తన కుర్చీలో కూర్చుని టైములన్నీ తప్పుగా రాస్తున్న ఇంకెవరినో చూశాడు. కబురు తెలిసి భార్య పరుగున వచ్చింది. "మా ఆయన ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుందో కూడా కనుక్కోలేడండీ. ఈయన దొంగతనమా?" అని వాదించింది. ఆ వాదన ఆయన పరువును ఏవైపు లాగిందో చెప్పడం కష్టం.

ఎస్సై నడివయసు మనిషి. వస్తూనే అందరి మాటలూ ఓపిగ్గా విన్నది. గుమాస్తా వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "మేడమ్, ఇది ట్రెస్‌పాస్. ప్రైవసీ. కాపీరైటు కూడా. మా ఇల్లు, మా గోడ, మా దుమ్ము!"

"ఈయన మీ గేటు దాటారా?"

"దాటలేదు."

"గోడెక్కారా? కిటికీలోంచి లోపలికి చూశారా?"

"లేదండీ, రోడ్డు మీద నిలబడే..."

"మరింకేం? రోడ్డున పోయే ఎవరి కంటికైనా కనపడేది రోడ్డు మీంచి ఫోటో తీసుకుంటే తప్పేం లేదు. మీ గోడ రోడ్డుకి కనపడకూడదంటే గోడకి ఇంకో గోడ కట్టుకోవాలి. లోపలి మనుషుల్ని చాటుగా తీస్తే అప్పుడు నా పని. ఏదీ, ఫోటోలు చూపించండి."

టైమ్‌కీపరు ఫోను ఇచ్చాడు. ఎస్సై మొదటి ఫోటో చూసింది, రెండోది చూసింది, మూడోదాని దగ్గర ఆగింది. మళ్లీ మొదటికెళ్లింది. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"నిన్న మేడ మీద ఓ గోడ ఉంది. ఇవాళ లేదు. ఏమైంది?"

"ఏ గోడ?" అన్నాడు గుమాస్తా. ఆ గొంతులోంచి సెక్షన్లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

"నీళ్ల ట్యాంకు దిమ్మె ఆ గోడను ఆనుకునే నిలబడింది. నిన్న ట్యాంకు నిటారుగా ఉంది. ఇవాళ పొద్దున చూడండి."

అందరూ ఫోనులోకి చూసి, తర్వాత తలలెత్తారు. ట్యాంకు ముందుకు వంగి, కింద ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్నట్టు రోడ్డు వైపు చూస్తోంది. పొద్దున్నే మోటారు వేసి నిండా నింపానని గుమాస్తా నీరసంగా చెప్పాడు. సరిగ్గా దాని కిందే, కుర్చీలో, గడ్డం కింద చెయ్యితో పెద్దావిడ.

"పెద్దమ్మా! లే, లే! ఇటు రా!" గుమాస్తా కేక పెట్టాడు.

"నేను లేవను," అంది పెద్దమ్మ. "రెండ్రోజుల నుంచి ఫోటోలు తీసుకుంటూ ఒక్కటన్నా చూపించాడా? చూపిస్తేనే లేస్తా."

"ట్యాంకు పడుతుంది పెద్దమ్మా!"

"నీ మాటలు నేను నమ్మను. కిందటి నెలా ఇల్లు పడుతుందనే నన్ను గదిలోంచి గేటు దగ్గరికి తోశావు, మేడ మీద గది కట్టుకోడానికి."

పైన సిమెంటు చిట్లిన చప్పుడైంది. గుమాస్తా ఇంకా 'లే, లే' అంటూనే ఉన్నాడు. టైమ్‌కీపరు ఏమాలోచించాడో ఆయనకే తెలియదు, ఎస్సై చేతిలోంచి ఫోను అందుకుని డిపోలో బస్సుల్ని పిలిచే గొంతెత్తాడు.

"పెద్దమ్మగారూ! అక్కడ వెలుతురు లేదండీ, ముఖం నల్లగా పడుతోంది. రోడ్డు మీదికొచ్చి ఇదిగో ఇక్కడ నిలబడితే ముఖం వెలిగిపోతుంది. ఒక్క నిమిషం, తొందరగా!"

పెద్దమ్మ చటుక్కున లేచింది. కళ్లద్దాలు కుర్చీలో పెట్టి, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి పెళ్లికూతురిలా నాలుగంగల్లో గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. ఎస్సై ఆవిడ భుజం పట్టి ఇంకో పది అడుగులు లాగింది.

ట్యాంకు కిందికొచ్చింది. వీధి అదిరింది. కుర్చీ ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి లేకుండా పోయింది. నీళ్లు తలల దాకా ఎగసి, అందరినీ సమానంగా తడిపి, కాలువలోకి నెమ్మదిగా జారుకున్నాయి. టైమ్‌కీపరు మనుషుల్ని లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు. ఆయన రోడ్డు మీదే చతికిలపడ్డాడు. కుట్టు టీచరు పక్కనే కూర్చుని, వీధంతా చూస్తుండగా ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

గుమాస్తా పెద్దమ్మను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నా గదిలోనే ఉందువుగాని పెద్దమ్మా, నేను వరండాలో పడుకుంటా," అన్నాడు.

"అదలా ఉంచు. ఫోటో ఏదీ?" అంది పెద్దమ్మ.

ఎస్సై తడిసిన టోపీ పిండుకుంటూ, "కేసు రాయమంటారా?" అని అడిగింది.

"ఏ కేసు మేడమ్?" అన్నాడు గుమాస్తా.

"సరే. మేడ మీద మళ్లీ ఏదైనా కడితే పర్మిషన్ తీసుకుని కట్టండి. రోడ్డు మీంచి అందరికీ కనపడుతుంది." ఆవిడ పుస్తకాన్ని టైమ్‌కీపరుకు తిరిగిచ్చి, "ఇకనుంచి 'అనుకూలం' అని రాయకండి," అని చెప్పి వెళ్లింది.

జనం పలచబడ్డాక గుమాస్తా టైమ్‌కీపరు దగ్గరికొచ్చి ఆ ఫోటోలు తనకూ పంపమన్నాడు. పంపాడు. గుమాస్తా మూడింటినీ చాలాసేపు చూశాడు.

"మా ఇల్లు బయటినుంచి ఇలా ఉంటుందా?" అన్నాడు చిన్న గొంతుతో. "నేనెప్పుడూ లోపలే ఉంటాను కదా, చూడలేదు."

సోమవారం పెయింటరు వచ్చాడు. కుట్టు టీచరు మనసు మార్చుకోలేదు. దుమ్మయినా సరే, ఆ రంగే కావాలంది. పెయింటరు మూడు ఫోటోలు ముందు పెట్టుకుని నాలుగు డబ్బాలు కలిపి, చెడగొట్టి, మళ్లీ కలిపి, వారం రోజుల్లో పదకొండేళ్ల దుమ్మును వెంట్రుకవాసి తేడా లేకుండా గోడలకెక్కించాడు. అక్కడ పని ముగించి నేరుగా మూలింటికి వెళ్లి, సిగ్గుపడ్డ గుమాస్తా కోరినట్టు దాన్ని మిలమిలలాడే తెల్లరంగులో ముంచేశాడు.

ఆ నెలాఖరున ఎదురింటావిడ వీధిలో ఎవరితోనో అంటుండగా టైమ్‌కీపరు చెవిన పడింది. "మూలింటాయన మారాడండీ. పాపం ఆ టైమ్‌కీపరుగారే, ఎన్నేళ్లయినా ఇంటికి రంగు వేయించుకోరు."