ఒకే కొలత బుగ్గలు

"ముఖం లోపలికి పోయిన ప్రతి పౌరుడి ముఖాన్నీ ప్రభుత్వమే నింపుతుంది!" అని మంత్రిగారు ప్రకటించగానే ఆఫీసు హాలు దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేల తుడిచే మామ్మ. అందుకోసం చీపురును చంకలో ఇరికించుకోవలసి వచ్చింది.

కొట్టదా మరి? ఆమె మనవరాలికి కళ్లకింద నుంచి పైపెదవిదాకా పుట్టుకతోనే గుంట. ఇరవై రెండేళ్లొచ్చినా ముక్కుమీద గుడ్డ కట్టుకోకుండా గడప దాటదు. ఇప్పుడు ఎవరి ముఖం స్కాన్ వారికి తీసి, వారి ఎముకమీద అమరేలా ఇంప్లాంటు చేయించి, లోపల బిగిస్తారట.

మర్నాడు ఆఫీసరుగారు తల పట్టుకున్నారు.

"వెయ్యిమందికి వెయ్యి కొలతలా? ముఖానికో టెండరు పిలవమంటారా?"

గుమాస్తా ఫైలులో తల దూర్చాడు. మామ్మ నోరు ఊరుకుంటుందా? తడిగుడ్డ పిండుతూ, "మా చిన్నప్పుడు బళ్లో అందరికీ ఒకే సైజు చొక్కాలిచ్చారు బాబూ. ఎవరూ చచ్చిపోలేదు" అంది.

ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మామ్మా! నువ్వు నేల తుడవాల్సినదానివి కాదు!"

అని, మళ్లీ కూర్చుని, తుడవడానికి వీలుగా కాళ్లు పైకెత్తారు.

కొలత ఎవరిది తీసుకోవాలి? పెద్దవారిదే మర్యాద. మంత్రిగారి బుగ్గలూ కాస్త లోపలికే ఉండేవి. ప్రజలకోసం అరిచి అరిచి అలా అయ్యాయని అభిమానుల నమ్మకం. ఆయన స్కాన్‌తో వెయ్యి జతలు దిగాయి. రెండో తరగతి రెండుసార్లు చదివిన తన బుర్ర ప్రభుత్వాన్ని నడిపిస్తోందని మామ్మ వారంరోజులు నేలమీద నిలవలేదు.

ఆస్పత్రిలో డాక్టరు ఇంప్లాంటును మనవరాలి స్కాన్ పక్కన పెట్టి చూశాడు.

"ఇది మంత్రిగారి బుగ్గమ్మా. నీకు పట్టదు. ఎవరికీ పట్టదు."

"ఒకే కొలత చాలన్న మహానుభావులెవరో!" అంది మనవరాలు, విప్పిన గుడ్డ మళ్లీ బిగించి కట్టుకుంటూ.

"ఎవరో పనీపాటా లేనివాళ్లు తల్లీ" అంది మామ్మ, తన చెప్పులకేసి చూస్తూ.

'లబ్ధిదారుల ముఖాలు నిబంధనల ప్రకారం లేవు' అని ఆఫీసరుగారు ఫైలు మూసేశారు. మంత్రిగారికి మాత్రం ఆ బుగ్గలు అతికినట్టు సరిపోయాయి. పథకం సాధించిన విజయానికి సాక్ష్యంగా ఆయన పాత ముఖాన్నీ కొత్త ముఖాన్నీ పక్కపక్కన పేపర్లలో వేశారు.

మిగతా బుగ్గల్ని ప్రభుత్వం వృథా పోనివ్వలేదు. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా బల్లలమీద బరువుగా పెట్టింది. మనవరాలి దరఖాస్తుమీద కూడా ఒకటుంది. మామ్మ రోజూ దాన్నెత్తి, దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెడుతుంది.

"మెల్లిగా మామ్మా" అంటారు ఆఫీసరుగారు, "అది మంత్రిగారి ముఖం."