సింథసైజర్‌కు లేచి నిలబడ్డ సంఘం

హార్మోనియం వాయించే మనుషుల్ని వెంటనే మాన్పించాలి! సంగీతానికి మనిషి చేసినంత ద్రోహం ఇంకెవరూ చెయ్యలేదు. మనిషికి వేళ్ళు నొప్పెడతాయి. జ్వరం వస్తుంది. పాటలో ముసలమ్మలు వెనకబడితే కాస్త ఆగాలన్న జాలి కూడా పుడుతుంది. యంత్రానికి ఇలాంటి జబ్బులున్నాయా?

ఆమదాలవలస ప్రార్థనాలయంలో పదేళ్ళుగా హార్మోనియం వాయిస్తున్న ఎలీసమ్మకు ఈ సత్యం మొన్న కోతపండుగనాడు తెలిసింది. సంఘ కార్యదర్శి డేవిడ్‌రాజు, వరసకు ఆమెకు బావ, విశాఖపట్నం రేవునుంచి ఒక ఎల్పీ రికార్డు తెచ్చాడు. అమెరికాలో ఎవరో జాజ్ పియానో విద్వాంసుడు పియానోను పక్కకు నెట్టి, సింథసైజర్ అనే కరెంటు యంత్రానికి తీగలు తగిలించి, మీటలు తిప్పి చేసిన ఆల్బమ్‌ట! అట్టమీద బొమ్మలో మనిషికన్నా తీగలే ఎక్కువ.

ఇంత నాగరికత వచ్చాక తిత్తులూదే పెట్టె ఎందుకని, ఆయన ఎలీసమ్మను వెళ్ళి ఆడవాళ్ళ చాపమీద కూర్చోమన్నాడు. ఇకపై ఆదివారాలూ అంతేనన్నాడు. ఆమె కూర్చుంది. ఒళ్ళో చేతుల్ని ఏం చెయ్యాలో తోచలేదు.

గ్రామఫోను మిషనుమీద రికార్డు మొదలైంది. ముందు బావిగిలక. తరువాత గూడ్సుబండి బ్రేకు. ఆపైన కడుపునొప్పి వచ్చిన కప్ప. ఎంత పవిత్రం! దొరల దేశపు పియానో ఆయన వాయించేది కీర్తన కాక మరేమిటని సంఘమంతా లేచి నిలబడింది. ఆడవాళ్ళు తలమీద కొంగులు కప్పుకున్నారు.

ఇరవై నిమిషాలు గడిచాయి. పాట అయిపోయి, ముల్లు చివరి గీతలో గరగరమంటూ తిరుగుతోంది. ఎవరూ కూర్చోరు. లేచి పాడిన కీర్తనకు ఆమేన్ వాయించందే కూర్చోవడం ఆ సంఘంలో లేదు. ముసలి ఏసుదానం చేతికర్ర వణుకుతోంది.

చివరికి డేవిడ్‌రాజు వంగి వంగి చాపదాకా వచ్చాడు.

"ఎలీసమ్మా, ఒక్క ఆమేను వాయించీయే. ఏసుదానం మావ పడిపోయేలాగున్నాడు."

"మిసను సెప్పదేటి బావా?"

"దానికి తెల్దు."

హార్మోనియంమీది గుడ్డ ఆయనే తీశాడు. ఎలీసమ్మ కూర్చుని, కొంగు సర్దుకుని, తాపీగా తిత్తి తెరిచింది.

కనుక పాఠకులారా, యంత్రం వర్ధిల్లాలి! పదేళ్ళుగా ఆమె కీర్తనలు వాయిస్తుంటే దగ్గినవాళ్ళు, వక్క నమిలినవాళ్ళు, కిటికీలోంచి ఎడ్లను చూసుకున్నవాళ్ళు, ఆమె వేళ్ళకేసి కళ్ళప్పగించి చూడటం అదే మొదటిసారి.