ఒకటో గొట్టంలో మొగుడు

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి పరీక్షకుల ముందు ఫలితం చూపిస్తే థీసిస్ రాసుకోవడానికి అనుమతి, లేకపోతే ఇంకో ఏడాది చాకిరీ. నమూనా ఏ ప్రాణిదో, దానికి జబ్బుందో లేదో చెప్పే పరీక్ష ఒకటి తయారుచేస్తూ ఐదేళ్లుగా ల్యాబులో నలుగుతున్న ఆమెను ఇంట్లోవాళ్లు ముందే డాక్టరమ్మను చేసేశారు. పొద్దున్నే ఆమె భర్త బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది, ఆరోగ్యవంతుడి నమూనాగా ఒకటో గొట్టంలో వేసింది. తర్వాత ఆరుగురు రోగులవి, చివరన ఎనిమిదోది ల్యాబు ఎలుకది. అన్నీ స్టాండులో వరసగా పెట్టి, చేతులు కడుక్కొచ్చి, ఎడమవైపు నుంచి ఒక్కొక్కటే యంత్రంలోకి ఎక్కించింది.

పదకొండింటికి వచ్చిన కాగితం మొదటి వరసలో 'ఎలుక' అని ఉంది. మిగతా వరసలు చూడకుండానే ఫోను తీసింది.

"ఏవండీ, పొద్దున్న ఎలుకనేమైనా ముట్టుకున్నారా?"

"నేనెందుకు ముట్టుకుంటానే! ఏమైంది?"

"మీ రిపోర్టులో ఎలుకొచ్చిందండీ."

భర్త ఆ మాట తల్లి చెవిన వేశాడు. అత్తగారు వంటింటి సామానంతా బయటికి లాగించి వెతికించారు. ఎలుక దొరకలేదు.

"దొరకలేదంటే వీడి కడుపులోనే ఉందన్నమాట," అని కొడుకుని వెంటేసుకుని ల్యాబుకొచ్చేశారు.

రెండింటికి ఆమె కాగితం పరీక్షకుల ముందు పెట్టింది.

"ఐదేళ్లు నేర్పినా గొట్టాలు వరసగా పెట్టడం రాలేదా?" అని ఆమె పరిశోధన చూసే గైడుగారు కసిరారు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

పెద్ద పరీక్షకుడు కళ్లజోడు సవరించుకున్నాడు. "మరి ఎనిమిదో వరసలో ఎలుక మనిషైందేంటమ్మా? స్టాండెవరైనా తిప్పారా?"

"నేనే తిప్పాను," అన్నారు గైడుగారు దర్జాగా. "నాది ఎడమచేతివాటం. స్టాండు కనిపిస్తే ఇటు తిప్పి పెట్టడం ఇరవై ఏళ్ల అలవాటు."

"మీ విద్యార్థులందరివీనా?"

"అందరివీ."

కాగితాన్ని కింది నుంచి పైకి చదివితే ఎనిమిదికి ఎనిమిదీ సరిపోయాయి. ఆమెకు అక్కడికక్కడే అనుమతి దొరికింది. ఇరవై ఏళ్లుగా తన పేరున అచ్చైన ఫలితాలన్నీ గుర్తొచ్చి గైడుగారు ఎడమచెయ్యి జేబులో దాచుకున్నారు.

ఇంతలో అత్తగారు తలుపు తోసుకుని వచ్చి, "మా అబ్బాయి మనిషేనని పెద్దవారు కాగితం మీద రాసివ్వండి," అన్నారు.

గైడుగారు రాసిచ్చారు, ఎడమచేత్తోనే.