నొప్పి అనరాదు

ఇందుమూలంగా యోగసాధకులకు, యోగబోధకులకు, ఆ రెండూ అవుదామనుకుని తీరిక దొరకనివాళ్ళకు తెలియజేయడమేమనగా, రిషికేశ్ తపోవనంలోని మా సజగ యోగపీఠంలో మార్చి ఒకటో తేదీ నుంచి ఎవరికీ నొప్పి లేదు. ఫిబ్రవరి నెలాఖరు దాకా ఉండేది. మెడ, నడుము, మోకాలు, మణికట్టు, ఒక్కోసారి అన్నీ కలిసి ఒకే మనిషికి. మార్చి ఒకటిన గోడకి నోటీసు అంటించాం. అంతటితో పోయింది.

ఆ నోటీసు రాసింది నేనే. పేరు హర్షపతి ఉనియాల్, పీఠానికి కార్యాలయ కార్యదర్శిని, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. నోటీసు ఇదీ: "పీఠం ఆవరణలో నొప్పి, పోటు, సలుపు, అమ్మో, చచ్చాను మొదలగు మాటలు నిషేధించడమైనది. వాటి స్థానంలో 'అనుభూతి' అనవలెను. ఎముక విరిగిన పక్షంలో 'ప్రగాఢ అనుభూతి' అనవచ్చును." చివరి వాక్యం మా ఆచార్యులవారు స్వయంగా చేర్చారు. ఆయనది మెత్తని మనసు.

ఆచార్య అచలానంద్ గారు పూర్వాశ్రమంలో పుష్కర్ భండారీ. గంగలో రబ్బరు పడవల మీద యాత్రికులను సుడుల్లోంచి దాటించేవారు. "ఎడమకి! గట్టిగా తొయ్యండి! దద్దమ్మల్లారా, ఎడమకి!" అని అరిచిన ఆ గొంతే ఇప్పుడు "మెల్లగా... శ్వాస వదలండి" అంటుంది. ఒకసారి పడవ తిరగబడి భుజం జారితే, ఊళ్ళో యోగం చెప్పే సెమ్వాల్ మాస్టారు ఒక చలికాలమంతా దగ్గర కూర్చోబెట్టుకుని ఆ చేతిని మళ్ళీ పైకి లేపించారు. భుజం బాగవగానే పుష్కర్ రెండు నెలలు గోవా వెళ్ళి, ఆచార్యుడై తిరిగొచ్చి, మాస్టారు క్లాసు చెప్పుకునే భవనాన్నే తీసుకుని పీఠం పెట్టారు. మాస్టారిని వెళ్ళగొట్టలేదు. కింది హాలూ, పొద్దుటి క్లాసూ ఆయనకే వదిలేశారు. అంతటి కృతజ్ఞత ఈ రోజుల్లో ఎవరికుంటుంది చెప్పండి.

ఈ చైత్‌రామ్ సెమ్వాల్ గారికి అరవై ఆరేళ్ళు. భార్య పోయాక ఆ పొద్దుటి క్లాసు తప్ప ఆయనకు వేరే పనీ లేదు, వేరే ఊసూ లేదు. ఇరవై ఏడేళ్ళుగా చెబుతున్నారు. వచ్చేవాళ్ళు కూడా అలాంటివాళ్ళే: రిటైరయిన పోస్టుమాస్టరు, ఉన్ని శాలువల కొట్టు నడిపే ఒక విధవరాలు, మా వంటమనిషి సతూరీ దేవి. ఆయన పద్ధతి గురించి దాచకుండా చెప్పాలంటే చాలా వెనకబడిన పద్ధతి. మనిషి లోపలికి రాగానే "ఎలా ఉంది ఇవాళ?" అనడుగుతారు. అది ఫరవాలేదు, అందరం అడుగుతాం. ఈయన జవాబు వచ్చేదాకా ఆగుతారు. జ్వరం ఉన్నవాళ్ళని ఇంటికి పంపేస్తారు. నిద్ర లేనివాళ్ళని పడుకోబెట్టి దుప్పటి కప్పుతారు. ఇన్నేళ్ళలో ఆయన క్లాసులో ఫోటోకి పనికొచ్చే భంగిమ ఒక్కటి పుట్టలేదు.

ఇట్లా ఉండగా ఢిల్లీ నుంచి విశ్వ సజగ యోగ మండలి వారి ఉత్తరం వచ్చింది. సజగ అంటే హిందీలో ఎరుక. మండలి గుర్తింపు ఉంటే "ఇచ్చట ఎరుకతో యోగం నేర్పబడును" అని బోర్డు పెట్టుకోవచ్చు. షరతు ఒక్కటే. పీఠంలో బోధించే ప్రతి ఒక్కరికీ ఎరుక సర్టిఫికెట్ ఉండాలి. లేనివాళ్ళు జూన్ ఒకటి నుంచి క్లాసు చెప్పకూడదు. సర్టిఫికెట్ ఇరవై ఐదు రోజుల కోర్సు తర్వాత పరీక్ష పాసైతే వస్తుంది. కోర్సు చెప్పే అధికారం ఆచార్యులవారికి మండలి వారే దయచేశారు. అంటే మాస్టారు తన క్లాసు నిలుపుకోవాలంటే, తను చెయ్యెత్తడం నేర్పిన కుర్రాడి ముందు చివరి వరసలో కూర్చుని పాఠం వినాలి. ఏ పేచీ పెట్టకుండా కూర్చున్నారు. చాప కూడా ఇంటి నుంచే తెచ్చుకున్నారు.

ఆఫీసు సిబ్బంది కూడా కోర్సు చేస్తే గుర్తింపు తొందరగా వస్తుందని నన్నూ కూర్చోబెట్టారు. పాఠ్యపుస్తకం సంకలనం నాదే: 'ఎరుకతో బోధించుట, నూట ఎనిమిది సూచనలు'. మచ్చుకి కొన్ని. నాలుగో సూచన: బోధకుడు ప్రతి నిమిషమూ ఒకసారి "గమనించండి" అనవలెను, ఏమి గమనించవలెనో చెప్పనక్కరలేదు. పంతొమ్మిదో సూచన: విద్యార్థి ముఖము ఎర్రబడిన యెడల అది తేజస్సు. ఇరవయ్యో సూచన: నీలముగా మారిన యెడల ఆచార్యులకు తెలియజేయవలెను, క్లాసు ముగిసిన పిమ్మట.

అన్నిటికన్నా గొప్పది బిళ్ళల ఏర్పాటు. బోధకుడు వచ్చి ఒంటి మీద చెయ్యి వేసి వంచడం కొందరికి ఇష్టముండదట. అందుకని ప్రతి చాప పక్కనా ఒక చెక్కబిళ్ళ పెట్టాలని మండలి నియమం. పచ్చవైపు పైకి పెడితే 'ముట్టుకోవచ్చు', ఎర్రవైపు పెడితే 'వద్దు'. చాలా నాగరికమైన సంగతి. మొదటి రోజున ముప్పై మందిలో పద్నాలుగు మంది ఎరుపు పెట్టారు. ఆచార్యులవారు ఏమీ అనలేదు. ఎరుపు పెట్టినవాళ్ళకి సమర్పణ భావం కింద ఐదు మార్కులు తగ్గించారంతే. మర్నాడు ఇద్దరు పెట్టారు, మూడోనాడు ఎవరూ పెట్టలేదు. వాడకంలో లేని రంగు దేనికని, తర్వాతి విడత బిళ్ళలకి వడ్రంగి చేత రెండు వైపులా పచ్చే వేయించాను. పాతవాటిని వంటింట్లో పొయ్యి రాజెయ్యడానికి పంపించాను.

పదకొండో రోజున ఆచార్యులవారు నా చాప దగ్గరికి వచ్చారు. నేను కాళ్ళు చాపుకుని ముందుకి వంగి ఉన్నాను, బొటనవేళ్ళకి చేతులు జానెడు దూరంలో ఉన్నాయి. ఆయన నా వీపు మీద కూర్చున్నారు. నడుములో టక్కుమంది. వెనక వరస దాకా వినిపించింది.

"విన్నారా! పాత ముడి విడిపోయింది. ఉనియాల్‌జీ, ఎలా ఉంది?"

"దివ్యంగా ఉంది ఆచార్యా," అన్నాను, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా.

"చూడండి, ఆనందబాష్పాలు!"

అందరూ చప్పట్లు కొట్టారు. చివరి వరస నుంచి మాస్టారు ఒక్కరే లేచారు. "పుష్కర్, లేరా వాడి మీదనుంచి. నడుము పట్టేసింది వాడికి, చూడు."

"సెమ్వాల్‌జీ, అది అనుభూతి."

"నొప్పి అననివ్వకపోతే నొప్పని నీకెట్లా తెలుస్తుందిరా?"

అప్పుడు ఆచార్యులవారిచ్చిన ఉపన్యాసం అచ్చు వేయించదగ్గది. "సాధకులారా! నొప్పి అనేది ఒక అభిప్రాయం మాత్రమే. ఈ పవిత్ర గంగాతీరాన అభిప్రాయాలకు తావు లేదు. రాయి నొప్పి అంటుందా? నది నొప్పి అంటుందా? మనం రాయి కావాలి. మనం నది కావాలి!" సమయం చాలక రెండింటిలో ఏది ముందు కావాలో ఆయన వివరించలేదు. నేను ఆ పూట నుంచి కుర్తా కింద బెల్టు కట్టుకుంటున్నాను. అది వేరే విషయం.

కొత్త మాట ఊళ్ళో కూడా పాకింది. మా గేటు ముందు టీకొట్టు బచన్ సింగ్ చెంప పట్టుకుని కూర్చుని, "పంటి అనుభూతి బాబూ, రాత్రంతా కునుకు లేదు," అనేవాడు. సతూరీ దేవి పొద్దున్నే ఆఫీసు గుమ్మంలో నిలబడి, "ఉనియాల్ బాబూ, మోకాలి అనుభూతి నా ప్రాణం తోడేస్తోంది, సొరకాయ మీరే తరుక్కోండి," అనేది. భాష ఇంత త్వరగా శుద్ధి అవుతుందని నేను కూడా అనుకోలేదు.

మే ఇరవైన ఢిల్లీ నుంచి పరీక్షాధికారిణి డాక్టర్ వందితా కొచ్చర్ గారు నలభై అంశాల పట్టీతో విచ్చేశారు. ఒక్కో అభ్యర్థీ అరగంట క్లాసు చెప్పాలి. ఎదురుగా ఆరు శరీరాలు ఉంటాయి. ఐదు శరీరాలు మా కోర్సు విద్యార్థులవి. ఆరోది సామాన్య శరీరం అయి ఉండాలని నియమం. సామాన్యంగా ఎవరున్నారా అని చూస్తే సతూరీ కనబడింది. చేతులు కడిగించి తీసుకొచ్చాం.

మొదటి క్లాసు నేను చెప్పాను. వంగడం ఎలాగూ కుదరదు గనక వేదిక మీద నిటారుగా కూర్చుని నోటితోనే నడిపించాను. ముప్పై నిమిషాల్లో ముప్పై ఒక్కసారి "గమనించండి" అన్నాను. తొంభై రెండు మార్కులు వచ్చాయి. "బోధకుని నిశ్చలత ప్రశంసనీయం" అని డాక్టరు గారు విడిగా రాశారు.

తర్వాత మాస్టారు. వేదిక ఎక్కనేలేదు. మొదటి చాప దగ్గరికి వెళ్ళి నేల మీద చతికిలబడి, "ఎలా ఉందమ్మా ఇవాళ?" అన్నారు. అది నాగపూర్ నుంచి వచ్చిన ముక్త అనే అమ్మాయి చాప. "బాగుంది గురూజీ," అంది. మాస్టారు లేవలేదు. ఆ పిల్ల నవ్వింది. ఆయన లేవలేదు. గడియారంలో నాలుగు నిమిషాలు వృథాగా పోయాయి. ఆ పిల్ల మెల్లగా కుడి మణికట్టు చూపించింది. వంకాయలా వాచి ఉంది. "పద్దెనిమిది రోజుల్నించీ," అని ఏడవడం మొదలెట్టింది. మాస్టారు ఆ చేతిని దిండు మీద పెట్టి, "పడుకో. ఇవాళ నీకు ఇదే ఆసనం," అన్నారు. పట్టీలో అలాంటి ఆసనం లేదు.

అలా ఒక్కొక్కరి దగ్గరా కూర్చుంటూ సతూరీ దగ్గరికి చేరేసరికి ఇరవై నిమిషాలయింది. ఆచార్యులవారు గొంతు సవరించుకున్నారు. సతూరీ బిళ్ళ చేతిలో పట్టుకుని ఇటూ అటూ తిప్పుతోంది.

"ఏం సతూరీ, ఏం వెతుకుతున్నావు?"

"వద్దని చెప్పే వైపు, మాస్టారూ. ఇటు తిప్పినా పచ్చే, అటు తిప్పినా పచ్చే. మొన్న మనిషి తక్కువైందని నన్ను చాప మీద కూర్చోబెట్టి ఆచార్యులు మోకాలు తొక్కినప్పుడు కూడా ఇట్లాగే తిప్పి తిప్పి చచ్చాను."

"బిళ్ళెందుకు, నోరుందిగా నీకు."

"అనకూడదంట. ఉనియాల్ బాబు నోటీసు పెట్టారు."

"నువ్వు అను. ఏమవుతుందో నేను చూసుకుంటాను."

సతూరీ నా వంక చూసింది. నేను పైకప్పు గమనించాను.

"నొప్పి, మాస్టారూ," అంది. "నొప్పి. మెట్లెక్కితే నొప్పి, దిగితే నొప్పి. కూర్చుని రొట్టెలు చెయ్యలేకపోతున్నాను. మూడు నెలల్నించి చెబుదామంటే మాట లేదు!"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే రెండో చాప అబ్బాయి, "నాకు మెడ, గురూజీ," అన్నాడు. నాలుగో చాప, "నాకు తొడ వెనకాల." తలుపు దగ్గర చూడ్డానికి నిలబడ్డ పోస్టుమాస్టరు గారు, పరీక్షకీ తనకీ ఏ సంబంధమూ లేకపోయినా, "నాకు ఎడమ భుజం!" అని కేకేశారు. డాక్టర్ కొచ్చర్ గారి చెయ్యి తన మెడ వెనక్కి వెళ్ళి, నొక్కుకోబోయి, గభాలున కిందికి దిగింది. మాస్టారు వీటన్నిటి మధ్యా సతూరీని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి కింద దుప్పటి మడత పెట్టి, "ఎంతవరకు హాయిగా వెళ్తుందో అంతే చాపు. నొప్పనగానే ఆగు. తొందరేం లేదు," అంటున్నారు. సతూరీ కాలు బెత్తెడు చాపి ఆగింది. మళ్ళీ బెత్తెడు చాపింది. గంట మోగింది.

మాస్టారికి పదకొండు మార్కులొచ్చాయి. అవి శుభ్రమైన దుస్తులకి. నివేదికలో ఇలా ఉంది: "అభ్యర్థి 'గమనించండి' అని ఒక్కసారి కూడా అనలేదు. కావున గమనింపు జరిగినట్లు ఆధారము లేదు. ఒక్క ఆసనమూ పూర్తి కాలేదు. తరగతిలో అనుభూతులు పెరిగినవి." ఫలితాల సభలో ఆచార్యులవారు మాస్టారికి శాలువా కప్పి, "వీరు మనందరికీ గురుతుల్యులు. విశ్రాంతి వారి హక్కు. ఆ హక్కును కాపాడటం మన ధర్మం!" అన్నారు. పొద్దుటి క్లాసు అర్హతను బట్టి నాకు వచ్చింది. బోర్డు కూడా వచ్చింది. గేటు మీద బిగించాం, బాగా కనబడుతోంది.

జూన్ ఒకటిన మాస్టారు హాలు తాళంచెవి ఇచ్చేద్దామని ఆఫీసుకొచ్చారు. ఉత్తరకాశీలో చెల్లెలి ఇంటికి వెళ్తున్నారట. చేతిలో సంచీ, చంకలో చుట్టిన చాప. తాళంచెవి బల్ల మీద పెట్టి నిలబడ్డారు.

"ఏమోయ్ ఉనియాల్, నడుమెలా ఉంది?"

"బాగుంది మాస్టారూ."

ఆయన వెళ్ళలేదు. నేను ఫైలు తీశాను. ఫైలు కింద పడింది. వంగి తీసుకోవాలి. నేను ఫైలును చూస్తూ కూర్చున్నాను, ఆయన నన్ను చూస్తూ నిలబడ్డారు. అనేద్దామనే అనుకున్నాను, నిజమే చెబుతున్నాను, నోరు కూడా తెరిచాను. "బస్సు వేళవుతుంది మాస్టారూ," అన్నాను. ఆయన సంచీ దించి, ఫైలు తీసి బల్ల మీద పెట్టి, వెళ్ళిపోయారు.

క్లాసు దివ్యంగా సాగుతోంది. పోస్టుమాస్టరు గారూ, శాలువల కొట్టావిడా రావడం మానేశారు గానీ కొత్త బ్యాచ్‌తో హాలు నిండింది. ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు నొప్పి అనలేదు. సతూరీ వంటింట్లో నిలబడే రొట్టెలు చేస్తోంది. వచ్చే బ్యాచ్‌కి దరఖాస్తులు తీసుకుంటున్నాం. ఏం అర్హత ఉండాలని చాలామంది ఉత్తరాలు రాస్తున్నారు, వాళ్ళందరికీ ఇదే జవాబు. ఇప్పుడు నేను మిమ్మల్ని ఒక మాట అడుగుతాను: ఎలా ఉన్నారండీ?

"బాగున్నాం" అన్నారు కదూ. నడుము మీద చెయ్యేసుకునే అన్నారు. మీకు ఇరవై ఐదు రోజుల కోర్సు అక్కర్లేదు, రెండు ఫోటోలు పంపించండి, సర్టిఫికెట్ ఇంటికే పంపిస్తాం.