రోగిని మాత్రం అడక్కండి

మనసు జబ్బు నయం కావాలంటే ముందు రోగిని మాట్లాడనివ్వకూడదు! ఇది నా ఒక్కదాని సిద్ధాంతం కాదు. చోడవరంలో మా వీధి వీధంతా కలిసి కనిపెట్టిన సంగతి.

నవ్వకండి. విశాఖపట్నంలో ఈమధ్య మనసు డాక్టర్లు వెలిసేరు. సైకాలజీ అనే శాస్త్రం చదువుకుని వచ్చేరట. ఆ శాస్త్రం ప్రకారం రోగి మాట్లాడాలిట, డాక్టరు వింటూ కూచోవాలిట! వినడానికి అంత చదువెందుకండీ? అసలు వినడమెందుకు?

ఆ డాక్టరు బాబుల మేలు కోరి, ఆరునెలలుగా మేం చేస్తున్న ప్రాక్టీసు సారం ఇక్కడ రాస్తున్నాను. చదివి బాగుపడతారని ఆశ.

మా పేషెంటు దేముడమ్మ. ఎదురింటి అచ్చియ్యమ్మ వదినకి కోడలు. పుట్టిల్లు రావికమతం. కిందటి వానాకాలంలో జ్వరమొచ్చి దాని ఏడాదిపిల్ల పోయింది. ఆనాటి నుంచి దేముడమ్మ నోరు విప్పదు. వండుతుంది, తోముతుంది, చెప్పిన పనల్లా చేస్తుంది. పలకదు.

"ఇలాగే ఉంటే పుట్టింటికి తోలేస్తాను. ఎన్నాళ్ళని సూస్తాం?" అంది అచ్చియ్యమ్మ వదిన.

పచ్చని కాపురం! మేం ఊరుకుంటామా? వీధంతా వైద్యానికి దిగేం.

మా మొదటి మందు 'మరిచిపో'. అచ్చియ్యమ్మ వదిన అక్కగారు నరసమ్మ రోజూ పొద్దున్నే వచ్చి, చుట్ట ముట్టించుకుని, దేముడమ్మ ఎదురుగా చతికిలబడేది.

"మరిసిపోవే అమ్మా! ఆ బూరిబుగ్గలూ, ఆ బుడిబుడి నడకలూ, నిన్ను సూసి సేతులు సాపడం, అన్నీ మరిసిపో!"

ఇలాగ ఒక్కటొక్కటే గుర్తుచేసి వెళ్ళేది. వాన రానీ, బురద కానీ, ఒక్క పూట డోసు తప్పిస్తే ఒట్టు!

ఆ తర్వాత పోలిక మందు. "నీకు ఒకర్తే పోయింది. నాకు ముగ్గురు పోయేరు. నేను తినలేదా, తిరగలేదా?" అని ఒకావిడ. ఆవిడ గడప దాటకముందే, నలుగురు పోయినావిడ లోపలికి. బెల్లం మార్కెట్లో వేలంపాటలాగ మా దుఃఖాలు పెరిగి పెరిగి, చివరికి దేముడమ్మది అసలు దుఃఖం కిందకే రాదని తేలిపోయింది. మనిషికి ఇంతకన్నా ఊరట ఏం కావాలి?

ఇక ఏడుపు. దేముడమ్మ కళ్ళు తడిస్తే, "దీపాలవేళ ఏడుపేటే, ఇంటికి అరిష్టం!" అనేవాళ్ళం. తడవకపోతే, "రాయిలాగ కూచుందేటి, కన్నకడుపు కాదేటి?" అనేవాళ్ళం. డాక్టరు బాబులూ, ఈ కిటుకు బాగా గుర్తుంచుకోండి. రోగి ఎటు కదిలినా తప్పే అయ్యేట్టు చూసుకోవాలి. అప్పుడు కదలకుండా పడుంటుంది.

అన్నిటికన్నా గొప్ప జాగ్రత్త పిల్ల పేరు. ఆ పేరు చెవిన పడితే రోగం ముదురుతుందని అచ్చియ్యమ్మ వదిన శాసించింది. ఇంట్లో ఎవరూ అనకూడదు. వీధిలోనూ అనకూడదు. మా పక్కింట్లో అదే పేరున్న ఏడేళ్ళ గుంట ఒకర్తె ఉంది. ఏం చేస్తాం? ఆనాటి నుంచి ఆ గుంటని తల్లితో సహా అందరం 'ఒసే' అనే పిలుస్తున్నాం. పాపం, అదీ అలవాటు పడింది. నేనూ ఆ పేరు ఇక్కడ రాయను. వీధి కట్టుబాటు మరి!

వైద్యానికి పనికిరాని వస్తువొకటి ఉంది. మాడుగుల హల్వా! ఒకసారి నరసమ్మ చుట్టాలు పట్టుకొచ్చేరు. పరామర్శకి వచ్చినవాళ్ళందరం తలో పెద్ద ముక్కా నోట్లో పెట్టుకున్నాం. బుగ్గలు నిండిపోయి ఒక్కరికీ మాట పెగల్లేదు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో దేముడమ్మ తలెత్తి మా అందరినీ చూసింది. పెదవులు కదిలేయి. ఏదో చెప్పబోతోంది!

అదృష్టం బాగుండి, నరసమ్మ గబుక్కున మింగేసి "మరిసిపోవే అమ్మా!" అంది. గండం గడిచింది.

ఇంత చేసినా దేముడమ్మ పలకలేదు. అచ్చియ్యమ్మ వదిన ఆఖరి మాట చెప్పేసింది. "ఆ పట్నం డాక్టరుకి సూపిస్తాను. పిచ్చి అన్నాడా, రావికమతం తోలేస్తాను."

బస్సెక్కి బయల్దేరేం. దేముడమ్మ, దాని మొగుడు సత్యారావు, అచ్చియ్యమ్మ వదిన, నరసమ్మ, తోడుగా నేను. డాక్టరు గదిలో రెండే కుర్చీలున్నాయి. వాటిలో అక్కచెల్లెళ్ళిద్దరూ కూచున్నారు. దేముడమ్మ గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏమిటమ్మా నీ బాధ?" అన్నాడు డాక్టరు, దేముడమ్మ వైపు చూస్తూ. పాపం, చిన్నవాడు. అనుభవం లేదు.

"బాదేటి బాబూ! తిండి సరిగ్గా తినదు, కంటికి కునుకు లేదు," అంది అచ్చియ్యమ్మ వదిన.

"ఆవిడని చెప్పనివ్వండమ్మా."

"అదెలాగ సెప్తాది బాబూ? పలకదని కదా నీకాడికి తెచ్చేం!"

"గాలి సోకిందేమో కూడా సూడు బాబూ," అంది నరసమ్మ.

"వేడి చేసిందేమో," అన్నాను నేను. వెళ్ళిన తర్వాత ఒక మాట సాయం చెయ్యొద్దూ?

డాక్టరు ఇంకో రెండుసార్లు అడిగేడు. రెండుసార్లూ మేమే చెప్పేం. చివరికి ఆయన విసిగిపోయి, మందు రాయడానికి కలం తీసి, "పేరు?" అన్నాడు.

అంటూ తలెత్తి పొరపాటున దేముడమ్మ మొహంలోకి చూసేడు.

"చిన్నతల్లి," అంది దేముడమ్మ.

ఆరునెలల తర్వాత అదే మొదటి మాట.

"కాదు బాబూ!" అని ముగ్గురం ఒక్కసారే అరిచేం. "దేముడమ్మ! దేముడమ్మని రాయి!"

"చిన్నతల్లి ఎవరు?" అన్నాడు డాక్టరు.

"ఎవరూ లేరు బాబూ," అంది అచ్చియ్యమ్మ వదిన. "మతి లేదు దానికి. తన పేరు కూడా మరిసిపోయింది."

సత్యారావు చేతిలోని గొడుగు ఆ గదిలోనే తెరిచేడు. మళ్ళీ మూసేడు. ఎందుకో ఎవరూ అడగలేదు.

డాక్టరు మేం చెప్పినట్టే రాసుకున్నాడు. మరుపు అని కూడా రాసుకున్నాడు. పిచ్చి అనడానికి ఇప్పుడే లేదనీ, గుణం కనిపించకపోతే మళ్ళీ తీసుకురమ్మనీ చెప్పి నిద్రమందు ఇచ్చేడు. బ్రహ్మాండంగా పనిచేసింది! దేముడమ్మ పగలు కూడా తూలుతోంది. ఇంక తలెత్తే ప్రమాదమే లేదని అందరం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం.

మొన్న మాపటేళ ఏం పుట్టిందో, దేముడమ్మ వీధరుగు మీదకి వచ్చి నిలబడింది. పక్కింటి గుంట మట్టిలో ఆడుకుంటోంది.

"చిన్నతల్లీ!" అని పిలిచింది.

ఆ గుంట దిగ్గున లేచింది. ఇన్నాళ్ళకి తన పేరు వినబడిందేమో, పరిగెత్తుకుంటూ వచ్చి ఒళ్ళో కూలబడింది. దేముడమ్మ దాని జుట్టు చిక్కు తీస్తూ, చెవిలో ఏదేదో చెప్పింది. అదేమో "అవునా? తర్వాతో?" అని అడుగుతోంది. మధ్యలో 'మరిచిపో' అనాలని ఆ గుంటకి తెలియదు. వైద్యం చదువుకోలేదు కదా!

అచ్చియ్యమ్మ వదిన గడపలోంచి చూసి గుండె బాదుకుంది. "రోగం తిరగబెట్టింది! సోమవారం మళ్ళీ పట్నం. ఈసారి డాక్టరు పిచ్చి అంటే అట్నుంచి అటే రావికమతం!"

నేనూ వెళ్తున్నాను. ఎదురింటి దాన్ని, నేను లేకపోతే ఎలా? పైగా ఈసారి నా చేతిలో పెద్ద పొట్లం ఒకటుంటుంది. మాడుగుల నుంచి వచ్చే బస్సువాడికి చెప్పి తెప్పించేను.

డాక్టరు ప్రశ్న వేసే వేళకి అచ్చియ్యమ్మ వదిన నోట్లో ఒక ముక్క పెడతాను. నరసమ్మకి రెండు పెడతాను, ఆవిడ తొందరగా మింగుతుంది.

మిగిలిన పెద్ద ముక్క నా నోట్లో వేసుకుంటాను.