ఒక్కసారి దగ్గితే చాలు

ఆ ఆదివారం పొద్దున అన్న వేసుకున్న పథకం చిన్నదే. కారు తీయాలి. రెండు వీధులు దాటి తమ్ముడి షెడ్డు ముందు నుంచి మెల్లగా పోవాలి. సరిగ్గా అక్కడ ఇంజను ఒక్కసారి దగ్గాలి. దగ్గే ఇంజను ఎవరిదైనా సరే, తమ్ముడు చేతిలో పని వదిలేసి బయటికి వస్తాడు. వచ్చి తిడతాడు. తిట్టడమంటే మాట్లాడటమే కదా.

అన్నదమ్ములు మాట్లాడుకుని మూడేళ్ళయింది.

అన్న సోఫాలు, సీట్లు కుట్టేవాడు. తమ్ముడు ఇంజన్లు విప్పి బిగించేవాడు. ఇరవై ఏళ్ళ కిందట ఇద్దరూ పాత సామాన్ల యార్డులోంచి ఒక ముసలి కారును తెచ్చుకున్నారు. అప్పటికే దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ మూతబడింది. అన్న మీగడ రంగు రెక్సిన్‌తో సీట్లు కుట్టాడు. తమ్ముడు ముక్కా ముక్కా వెతికి తెచ్చి ఇంజను నిలబెట్టాడు. పదిహేడేళ్ళు ప్రతి ఆదివారం అన్న నడిపాడు, తమ్ముడు పక్కన కూర్చున్నాడు. ఎక్కడికీ పోయేవాళ్ళు కాదు. ఊరి చివరిదాకా పోయి, టీ తాగి, తిరిగొచ్చేవాళ్ళు. దారిలో పెద్దగా మాట్లాడుకున్నదీ లేదు. అన్న రోడ్డు చూసేవాడు, తమ్ముడు ఇంజను వినేవాడు.

ఒక ఆదివారం తమ్ముడు గ్రీజు చేత్తోనే కారెక్కి, సీటు వీపు మీద చెయ్యి ఆనించాడు. అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి.

"చెయ్యి కడుక్కుని ఎక్కలేవా?" అన్నాడు అన్న.

"ఈ చెయ్యే లేకపోతే నీ సీటు ఇంటి ముందు సోఫాలా పడుండేది."

"అయితే దిగు."

తమ్ముడు దిగాడు. అన్న మళ్ళీ ఎక్కమనలేదు. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్ళేమిటని అడిగినవాళ్ళకు ఇద్దరూ ఒకటే జవాబు చెప్పేవాళ్ళు. "నన్నడుగుతారేం? అటు అడగండి."

ఆ సీటుకు కొత్త తొడుగు కుట్టడం అన్నకు ఒక పూట పని. కుట్టలేదు. మరకను తుడవనూ లేదు. అది చెరిగిపోకుండా ముందు ఒక పొడుగు దిండు నిలబెట్టి, పైనుంచి తెల్లదుప్పటి కప్పి, జారకుండా బెల్టు పెట్టాడు. దూరం నుంచి చూస్తే ఎవరో ముసుగేసుకుని కూర్చున్నట్టుండేది. పథకంలో అన్న ఆలోచించని సంగతి ఇదొకటి. రెండోది, ఆయనకు ఇంజను గురించి ఏమీ తెలియకపోవడం.

బానెట్ ఎత్తి చాలాసేపు లోపలికి చూశాడు. అన్నీ గొట్టాలే. చివరికి చేతికి అందే చోట ఒక రబ్బరు గొట్టాన్ని బిగించిన క్లిప్పు కనిపించింది. దాని స్క్రూ విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు. అది పెట్రోలు గొట్టం.

"ఏమండీ, ఇంతసేపు లోపల తల పెట్టారేం?" అంది భార్య గుమ్మంలోంచి.

"దుమ్ము."

"దుమ్ముకు స్క్రూడ్రైవరెందుకు?"

అన్న వినపడనట్టు కారెక్కాడు.

మొదటి వీధిలో ఇంజను దగ్గలేదు. ఎన్నడూ లేనంత హాయిగా నడిచింది. అన్నకు ఒళ్ళు మండింది. మందుల షాపు ముందు మలుపు తిరుగుతుంటే పెట్రోలు వాసన వచ్చింది. ఆ వెంటనే బానెట్ అంచుల్లోంచి పొగ, పొగ వెనకాల ఎర్రటి నాలుక. దగ్గు లేదు, తుమ్ము లేదు, నేరుగా మంట. అన్న కారాపి, తాళం తిప్పి, తన పక్క తలుపులోంచి దూకి, నీళ్ళ కోసం సందులోని లాండ్రీ వైపు పరిగెత్తాడు.

మందుల షాపాయన బయటికి వచ్చేసరికి మూడేళ్ళుగా ఇటు రాకపోయినా ఆ వీధిలో అందరికీ తెలిసిన కారు, లోపల ముసుగేసుకున్న మనిషి.

"అయ్యా, దిగండి! మంట!"

మనిషి కదల్లేదు. షాపాయన ముందు ఫైర్ స్టేషనుకు ఫోను చేశాడు, తర్వాత తమ్ముడి షెడ్డుకు చేశాడు.

"మీ అన్న కారు తగలబడుతోంది. ఆయన లోపలే ఉన్నారు. దుప్పటి కప్పుకుని కూర్చున్నారు, పిలిస్తే పలకట్లేదు."

"స్టీరింగు దగ్గరా?"

"కాదు, పక్క సీట్లో."

"నా సీట్లోనా?" అన్నాడు తమ్ముడు. తర్వాత ఫోను కింద పడ్డ చప్పుడొచ్చింది.

షాపాయన కాలిన గాయాల మందు వెతకడానికి లోపలికి పోయాడు. ఈలోగా దారిన పోయే జనం చేరారు.

"దుప్పటెందుకు కప్పుకున్నాడు?"

"జ్వరమేమో. ఆస్పత్రికి తీసుకెళ్తున్నట్టున్నారు."

"మరి నడిపినవాడేడి?"

"పారిపోయాడు. నేను చూశాను, ఆ సందులోకి."

సరిగ్గా అప్పుడు ఆ సందులోంచి అన్న బకెట్టుతో వచ్చాడు. ఇద్దరు ఆయన్ని చెరో రెక్క పట్టుకున్నారు. బకెట్టు ఒలికిపోయింది.

"వదలండి! నా కారు!"

"కారు నీదైతే లోపలున్నదెవరు?"

"ఎవరూ లేరు. అది సీటు!"

"విన్నారా? మనిషిని పట్టుకుని సీటంటున్నాడు!"

అన్న భార్యకు ఈ కబురు ఎలా చేరిందో గాని, ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి, మొగుణ్ణి చూసి ఆగిపోయింది.

"మీరు పోయారన్నారే!"

"నాతో ఎవరూ అనలేదు."

"మరి ఆ లోపల..."

అంతలో తమ్ముడు వచ్చాడు. ఒంటినిండా గ్రీజు, చేతిలో మంటలార్పే ఎర్ర సిలిండరు. దాన్ని వాడటం కూడా గుర్తులేదు, పక్కన పారేశాడు. మంట ఇంకా బానెట్ కిందే ఉంది, కారు లోపలంతా పొగ. ఎవరో వద్దని అరుస్తున్నా తలుపు లాగి లోపలికి దూరాడు. బెల్టు ఊడదీసి, దుప్పటిని, దుప్పటిలో ఉన్నదాన్ని రెండు చేతులా వాటేసుకుని లాగాడు. అన్న బిగించిన సీట్లు రెండు కొక్కేల మీద నిలిచేవి. ఎత్తితే వచ్చేసేవి. సీటు మొత్తం వచ్చేసింది. దాన్ని గుండెకు హత్తుకుని వీధి అవతలికి మోసుకుపోయి, నేల మీద కూలబడ్డాడు. పొగకు కళ్ళు తెరుచుకోవడం లేదు.

"ఇంత తేలికైపోయావేం అన్నయ్యా? వదిన తిండి పెట్టట్లేదా?"

వెనకాల వదిన నోరు తెరిచి మళ్ళీ మూసింది.

"బాబూ, అది..." అంటూ ఒకాయన ముందుకు వచ్చాడు.

"ఉండండి," అన్నాడు అన్న. రెండు రెక్కలూ ఇంకా జనం చేతుల్లోనే ఉన్నాయి. "మధ్యలో ఆపకండి. వాడు నాతో మాట్లాడి మూడేళ్ళయింది."

తమ్ముడు దిండును నిమురుతున్నాడు. "ప్రతి ఆదివారం పదింటికి నువ్వు కారు తీస్తావు. షెడ్డులో అందరినీ సుత్తులు ఆపమనేవాణ్ణి. మొదటి వీధి దాటేదాకా వినేవాణ్ణి. కొంచెం శబ్దం మారినా సరే, ఆ వంకతో వచ్చి చూద్దామనుకున్నా. మారితేగా! ఒక్కసారి దగ్గినా వచ్చేవాణ్ణే అన్నయ్యా. ఆ ఇంజన్ను అంత బాగా ఎందుకు చేశానో ఏమో!"

అన్నను పట్టుకున్న ఇద్దరూ రెక్కలు వదిలేశారు. ఆయన మాత్రం అక్కడే నిలబడ్డాడు.

ఫైరింజను వచ్చింది. బానెట్ సందులోంచి నీళ్ళు కొట్టి పది నిమిషాల్లో మంట ఆర్పేశారు. బానెట్ మూసి ఉండబట్టి మంట ముందుభాగంలోనే ఆగిందన్నారు. అధికారి కాగితం తీసుకుని వచ్చాడు.

"లోపల చిక్కుకున్న మనిషెక్కడ?"

జనం సీటు వైపు చూపించారు. తమ్ముడు కళ్ళు తుడుచుకుని తనూ చూశాడు. దుప్పటి జారింది. దిండు పక్కకు ఒరిగింది. మీగడ రంగు రెక్సిన్ మీద అయిదు వేళ్ళ నల్లటి అచ్చు. తమ్ముడు తన చెయ్యి దాని మీద పెట్టాడు. సరిపోయింది. తల తిప్పితే వెనకాల అన్న, ఖాళీ బకెట్టు.

"ఎంతసేపైంది వచ్చి?"

"తేలికైపోయానన్నావు చూడు, అప్పట్నుంచి."

"ఈ మరకింకా తుడవలేదేం?"

"తీరిక దొరకలేదు."

"మూడేళ్ళుగానా?"

అన్న ఖాళీ బకెట్టును ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. అధికారి గొంతు సవరించుకున్నాడు.

"కారెవరిది?"

"ఇద్దరిదీ," అన్నారు ఇద్దరూ.

అధికారి రాసుకున్నాడు. ప్రాణనష్టం లేదు. కాపాడబడినది ఒక సీటు. రాసినదాన్ని తనే రెండుసార్లు చదువుకుని, ఇంకేమీ అడక్కుండా బండెక్కాడు.

తమ్ముడు బానెట్ ఎత్తాడు. ముక్కా ముక్కా కూర్చిన ఇంజను మసిబొగ్గైంది. ఒక్కో భాగాన్నీ వేలితో తాకుతూ పోయి, ఒక చోట ఆగాడు.

"ఈ క్లిప్పుకు స్క్రూ లేదు. దానంతటది ఊడే రకం కాదిది. ఎవరో విప్పారు."

అన్న చొక్కా జేబులో చెయ్యి పెట్టి, స్క్రూ తీసి, తమ్ముడి అరచేతిలో పెట్టాడు.

"దగ్గుతుందనుకున్నా."

తమ్ముడు స్క్రూ వైపు చూశాడు, అన్న వైపు చూశాడు. వీధి వీధంతా తిట్ల కోసం ఎదురుచూసింది.

"దగ్గాలంటే విప్పాల్సింది ఇది కాదు."

"ఏది విప్పాలో చెప్పడానికి నువ్వు లేవుగా."

తమ్ముడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. పొగ ఎప్పుడో పోయింది గాని, ఆయన మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత బానెట్ దించి, సీటును మోసుకొచ్చి కారులో కొక్కేలకు తగిలించి, అందులో కూర్చున్నాడు. అన్న అటు తిరిగి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. కారు కదలదు. ఇద్దరూ ఎదురుగా వేడికి పగిలిన అద్దంలోంచి రోడ్డును చూస్తూ ఉండిపోయారు.

"చెయ్యి కడుక్కోలేదు నేను," అన్నాడు తమ్ముడు కాసేపటికి.

"చూశాను," అన్నాడు అన్న. "కూర్చో."

కారును తాడు కట్టి షెడ్డుకు లాక్కుపోయారు. ఇంజను మళ్ళీ నిలబెట్టడానికి ఆరు నెలలు పడుతుందన్నాడు తమ్ముడు. తొందరేముందన్నాడు అన్న. ప్రతి ఆదివారం పదింటికి ఆయన షెడ్డుకు పోతున్నాడు. తమ్ముడు బిగిస్తుంటే పక్కన స్టూలు మీద కూర్చుంటున్నాడు. ఆరు నెలలు గడిచాయి, తర్వాత ఏడాదీ గడిచింది. ఎప్పుడడిగినా ఒక్క స్క్రూ తక్కువైందంటారు, వచ్చే ఆదివారం అయిపోతుందంటారు.

మొన్న బట్టలు నానబెట్టబోతూ వదిన మొగుడి చొక్కా జేబు తడిమితే స్క్రూ ఒకటి దొరికింది. తోడికోడలికి ఫోను చేసి చెప్పింది.

ఆమెకు రెండు దొరికాయట.